తాతగారి డబుల్ బ్యారెల్‌కి ఐదు లక్షలట!

పొద్దున్నే వాట్సాప్‌లో ఒక ఫొటో. మంచం మీద దుప్పటి, దుప్పటి మీద పాత ట్వెల్వ్ బోర్ డబుల్ బ్యారెల్ తుపాకీ, పక్కన రెండు తూటాలు. "తాతగారిది, ఇంగ్లండ్ మాల్. ఎంత పలుకుద్ది?" అని ప్రశ్న. కింద ఒక మహానుభావుడి తీర్పు: "యాంటిక్ అన్నా, ఐదు లక్షలకి పైసా తగ్గకు."

ఐదు లక్షలు! ఎవడిస్తాడయ్యా? ఏ డీలర్ దగ్గరికైనా తీసుకెళ్ళి చూడండి. కాఫీ ఇస్తాడు, గన్ను అటూ ఇటూ తిప్పుతాడు, "ఉంచి వెళ్ళండి, పార్టీ తగిలితే ఫోన్ చేస్తా" అంటాడు. ఆ ఫోన్ రాదు. ఆయన గోడకి అలాంటివి వరసగా నిలబడే ఉన్నాయి.

ఎందుకు నిలబడ్డాయో ఈ సలహాదారులకి పట్టదు. ఆయుధాల చట్టాన్ని సవరించాక, 2019 డిసెంబర్ 14 నుంచి ఒక మనిషికి రెండు తుపాకులే. అంతకుముందు మూడు. బిల్లులో అయితే ఒక్కటే అన్నారు, గోల చేస్తే రెండు చేశారు. వారసత్వంగా వచ్చినా సరే, రెండు దాటకూడదు. మూడోది ఏడాదిలోపు స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో డిపాజిట్ చెయ్యాలన్నారు. మరి మూడింట్లో ఎవడైనా ఏది వదులుకుంటాడు? నడుముకి పెట్టుకునే రివాల్వర్‌నా, బీరువా వెనక నిలబెట్టిన నాలుగడుగుల గొట్టాన్నా? దేశమంతా ఒకే ఏడాది ఒకే సరుకుని వదిలించుకోడానికి బయల్దేరింది. అమ్మేవాళ్ళు వీధినిండా, కొనేవాడు ఎక్కడో ఒక్కడు. ఆ ఒక్కడి లైసెన్సులోనూ రెండే ఖాళీలు, అందులో ఒకటి ముందే రివాల్వర్‌కి రిజర్వు.

అయినా కొని ఏం చెయ్యాలి? వేటకి 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో తాళం పడింది. చేలో అడవిపంది పడితే తెలంగాణలో సర్కారు ప్యానెల్లో ఉన్న షూటర్‌ని పిలవాలి గానీ తాతగారి గన్ను దించకూడదు. మిగిలిన గిరాకీ బ్యాంకు గార్డులది, వాళ్ళూ పంప్ యాక్షన్ (ముందు పిడిని వెనక్కీ ముందుకీ లాగి కాల్చే తుపాకీ) వైపు చూస్తున్నారు.

మరి ఈ లక్షల కథ ఎక్కడ పుట్టింది? హ్యాండ్ గన్ దగ్గర, అంటే రివాల్వర్, పిస్తోలు దగ్గర. ఎనభైల నుంచి మామూలు లైసెన్సుదారుకి దిగుమతి బంద్. అమెరికాలో వందల డాలర్లకి దొరికే వాల్తర్ పీపీకే పిస్తోలు ఇక్కడ లక్షల్లో తిరిగింది. అది పిస్తోలు గొప్పతనం కాదు, కొరత గొప్పతనం. కాన్పూర్ సర్కారు ఫ్యాక్టరీ పాయింట్ 32 రివాల్వర్‌కి డబ్బు కట్టి నెలల తరబడి కాచుకున్న రోజులున్నాయి. 2014లో 'నిర్భీక్' అని ఆడవాళ్ళ కోసమంటూ లక్షా ఇరవై రెండు వేలకి తెచ్చారు. ఆ ధరకి ఆడవాళ్ళు నిర్భయంగా ఏం ఉంటారు, ఎవరు కొట్టేస్తారో అని దాన్నే కాపలా కాయాలి. ఇప్పుడు యూపీ హర్దోయిలో పాత ఇంగ్లండ్ కంపెనీ వెబ్లీ పేరుతో ప్రైవేటు తయారీ, కాన్పూర్ నుంచి 2023లో సిలిండర్ పక్కకి తెరుచుకునే 'ప్రబల్'. కొత్తది షాపులో దొరుకుతుంటే పాత వెబ్లీకి లక్షలు పోసేవాడు తగ్గడా? (డల్లాస్ నుంచి ఒక బావగారు "మా దగ్గర సూపర్ మార్కెట్‌లోనే దొరుకుద్ది" అని కామెంట్ పెట్టారు. సంతోషం బావగారూ. కొరియర్ మాత్రం చెయ్యకండి.)

ఇక "ఇంగ్లండ్ మాల్" సంగతి. ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, గన్ను విప్పి, బ్యారెళ్ళ అడుగున చదునుగా ఉన్న చోట ముద్రలు చదవండి. రెండున్నర అంగుళాలని ఉంటే అది 65 మిల్లీమీటర్ల ఛాంబర్ (తూటా కూర్చునే గది). అందులో 70 మిల్లీమీటర్ల తూటా హాయిగా దూరుతుంది, గన్ను మూసుకుంటుంది కూడా. తిప్పలన్నీ అక్కడే. తూటా మీద రాసిన కొలత పేలాక విచ్చుకున్న గొట్టానిది. పేలకముందు మూతి మడిచి ఉంటుంది కాబట్టి పొట్టిగా ఉంటుంది. పేలినప్పుడు ఆ మడత విప్పుకోడానికి చోటు చాలక, ఛాంబర్ ముందున్న సన్నటి మెడలో ఇరుక్కుంటుంది. ఒత్తిడి ఒక్కసారిగా ఎగదన్నుతుంది. "మొన్న దసరాకి ఒకటి కాల్చాం, ఏమీ కాలేదు" అనేవాళ్ళకి ఒక మాట: ఏమీ కానిది ఆ ఒక్కసారికే. పైగా పండక్కీ పెళ్ళికీ సరదాగా కాల్చి ఎవరి ప్రాణమైనా ఇబ్బందిలో పెడితే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

బ్యారెల్ మీద మెలికలు మెలికలుగా చీర అంచులాంటి డిజైన్ ఉందా? మురిసిపోకండి. అది డమాస్కస్. ఇనుము, ఉక్కు పట్టీలు చుట్టి అతికిన గొట్టం, పాతకాలపు నల్ల తుపాకిమందు నాటి సరుకు. కిరీటం బొమ్మ కింద ఎన్‌పీ లాంటి నైట్రో ముద్ర (ఇప్పటి మందుకి పరీక్షించారన్న గుర్తు) లేకపోతే ఇప్పటి తూటా అందులో పెట్టకూడదు. తర్వాత బ్యారెళ్ళ కింది చెక్క తీసేసి, గన్ను మూసి, చేతిపట్టు దగ్గర పట్టుకుని ఊపండి. కటకటలాడితే కీలు అరిగింది. బ్యారెళ్ళు విడదీసి వేలికి వేలాడదీసి గోటితో మీటండి. గంటలా మోగితే మధ్య పట్టీ అతుకు బాగుంది, డబ్బాలా మోగితే ఊడుతోంది. వెలుతురుకి పెట్టి చూస్తే లోపల నీడ వలయంలా కనబడితే అక్కడ ఉబ్బింది. ఇవన్నీ దాటిన గన్నుకే బేరం. ఐదు లక్షల మేధావి వీటిలో ఒక్కటైనా అడిగాడా?

లోపల గుంటలు పడ్డాయంటారా? ఆ పుణ్యం సగం ఎన్నికలది. ఇది మాత్రం నేను ఎన్నిసార్లయినా అరుస్తాను. ఎన్నికలప్పుడు ఎవరి ఆయుధం డిపాజిట్ చేయించుకోవాలో తేల్చడానికి జిల్లాకో స్క్రీనింగ్ కమిటీ ఉంది. బెయిల్ మీద ఉన్నవాళ్ళు, నేరచరిత్ర ఉన్నవాళ్ళు, అల్లర్లలో పేరున్నవాళ్ళు, వీళ్ళని చూడమని ఎన్నికల సంఘమే చెప్పింది. కిందకొచ్చేసరికి ఏమవుతోంది? "అందరూ తెచ్చివ్వండి" అని ఒక్క ఫోన్! డెబ్బై ఏళ్ళ పెద్దాయన ఆటోలో గన్ను పెట్టుకుని స్టేషన్‌కి. అసెంబ్లీకి ఒకసారి, పంచాయతీకి ఒకసారి, ఉప ఎన్నికొస్తే ఇంకోసారి. అక్కడ పట్టుబడ్డ సారా డబ్బాల పక్కన, నూనె చుక్క లేకుండా, చెమ్మ గోడకి ఆనించి నెలల తరబడి. తిరిగొచ్చేసరికి బ్యారెల్‌లో తుప్పు, బట్ దగ్గర చీలిక. అడిగితే "ఇచ్చినప్పుడే అలా ఉంది" అంటారు. నిబంధన ప్రకారం నడుచుకునేవాడికే ఈ శిక్ష. నాటు తుపాకీ అడవిలో దాచుకున్నవాడిని ఎవరూ డిపాజిట్ అడగరు.

దానికి తోడు 2025 సెప్టెంబర్ 22 నుంచి రివాల్వర్లకీ పిస్తోళ్ళకీ జీఎస్టీ 28 శాతం నుంచి 40 శాతం. లక్ష సరుకు లక్షా నలభై. పాన్ మసాలా పక్కన కూర్చోబెట్టారు. సెకండ్ హ్యాండ్ రివాల్వర్ ధర ఇక మళ్ళీ కదులుద్ది, చూస్తూ ఉండండి. తాతగారి డబుల్ బ్యారెల్ మాత్రం కదలదు.

అన్నట్టు, ఆ ఫొటోలో అందరూ వదిలేసిన అసలు విషయం. తాతగారు పోయి నాలుగేళ్ళట. లైసెన్సు ఆయన పేరు మీదే. అంటే నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నది యాంటిక్ కాదు, లైసెన్సు లేని ఆయుధం. రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా జైలు పడే సెక్షన్. ధర అడిగే ముందు తెలిసిన వకీలుని వెంటబెట్టుకుని స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చెయ్యాలి. తర్వాత వారసుల్లో ఒకరు మిగతావాళ్ళ అంగీకారపత్రంతో లైసెన్సుకి పెట్టుకోవాలి. తాతగారు బతికుండగానే, ఆయనకి డెబ్బై నిండగానే ఈ పని అయిపోయేది, నిబంధనల్లో ఆ వీలుంది. అమ్మినా లైసెన్సున్నవాళ్ళకే. లైసెన్సున్న మరొకరికి అమ్మాలన్నా ముందు రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలి.

డిపాజిట్ రసీదులో సీరియల్ నంబరు, బ్యారెల్ లోపలి స్థితి రాయించుకోండి. ఆ రెండు తూటాలు కూడా.