పద్దెనిమిదికే ఓటు అంటాం, సర్పంచికి వేసేసరికి పాతికేళ్లు

పదహారేళ్లకు ఓటు అనే మాట ఎత్తగానే "మీసాలు రాని పిల్లలకు రాజకీయాలేంటి" అని కొట్టిపారేస్తారు. సరే, ముందు పద్దెనిమిదేళ్ల ఓటు అసలు ఏ వయసులో చేతికొస్తోందో లెక్క చూడండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2013 జులైలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. మళ్లీ జరిగింది 2021 ఫిబ్రవరిలో. మధ్యలో ఏడున్నరేళ్లు. 2013 ఆగస్టులో పద్దెనిమిది నిండిన అమ్మాయికి తన ఊరి సర్పంచికి మొదటిసారి ఓటేసే నాటికి పాతికేళ్లు దాటిపోయాయి. ఈలోగా పెళ్లయి అత్తగారి ఊరు వెళ్లిపోతే, పుట్టి పెరిగిన ఊరికి సర్పంచి ఎవరుండాలో చెప్పే అవకాశం ఆమెకు ఒక్కసారి కూడా రానట్టే. తెలంగాణలోనూ అంతే, 2019 జనవరి తర్వాత మళ్లీ 2025 డిసెంబరే.

అసెంబ్లీ సంగతీ చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 మే 13న పోలింగ్. ఓటరు జాబితాకు అర్హత తేదీ, అంటే పద్దెనిమిది నిండి ఉండాల్సిన రోజు, ఏప్రిల్ 1. 2006 ఏప్రిల్ 5న పుట్టిన కుర్రాడికి పోలింగ్ నాటికి పద్దెనిమిది నిండి నెల దాటింది, అయినా ఓటు లేదు. సభ మధ్యలో రద్దు కాకపోతే అతను ఎమ్మెల్యేకి ఓటేసేది 2029లో, ఇరవై మూడేళ్ల వయసులో. పుస్తకంలో పద్దెనిమిది అని ఉన్నా, ఐదేళ్లకోసారి ఎన్నికలు వచ్చే చోట దాని అర్థం పద్దెనిమిది నుంచి ఇరవై మూడు దాకా ఎప్పుడైనా అని. వయసు పదహారు చేస్తే అది పదహారు నుంచి ఇరవై ఒకటి అవుతుంది. అంటే కొత్త ఓటర్లలో చాలామంది మొదటి ఓటు వేసేది పద్దెనిమిది దాటాకే. పసిపిల్లల చేతికి దేశం అప్పగిస్తున్నాం అన్నట్టు మాట్లాడేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి.

నేను అడుగుతున్నది కూడా పార్లమెంటు ఓటు కాదు, పంచాయతీ ఓటు. రాజ్యాంగం 326వ అధికరణ పద్దెనిమిదేళ్లు అని చెప్పింది లోక్‌సభకూ శాసనసభకూ. స్థానిక సంస్థల ఎన్నికల చట్టాలు రాష్ట్రాలవి. ఇదేమీ కొత్త దారి కాదు. దేశమంతా ఓటు వయసు ఇరవై ఒకటి ఉన్న రోజుల్లోనే కొన్ని రాష్ట్రాలు స్థానిక ఎన్నికలకు పద్దెనిమిది పెట్టేశాయి. ఓటు వయసును పద్దెనిమిదికి దించిన రాజ్యాంగ 61వ సవరణ బిల్లు తెచ్చినప్పుడు కేంద్రం తన కారణాల్లో ఆ మాట రాసుకుంది కూడా. ఆ సవరణ 1989 మార్చిలో అమల్లోకి వచ్చింది. ఊళ్లో మొదలైంది ఢిల్లీ దాకా వెళ్లింది. జర్మనీలో లోయర్ సాక్సనీ 1990ల్లోనే స్థానిక ఎన్నికల్లో పదహారేళ్లకు ఓటు ఇచ్చింది. ఆస్ట్రియాలో కొన్ని రాష్ట్రాలు మున్సిపల్ ఎన్నికలతో మొదలుపెట్టాక, 2007లో దేశమంతటికీ పదహారు చేశారు. అక్కడి పరిశీలనల్లో తేలింది ఏమిటంటే, పదహారు పదిహేడేళ్లవాళ్లు పద్దెనిమిది నుంచి ఇరవై మధ్యవాళ్ల కంటే ఎక్కువగా పోలింగుకు వచ్చారు. ఆ వయసులో పిల్లలు ఇంకా ఇంట్లో ఉంటారు, బడిలో ఉంటారు. పద్దెనిమిది దాటితే చదువనీ ఉద్యోగమనీ ఊరు మారతారు, జాబితాలో పేరు ఒకచోట, మనిషి ఒకచోట.

పరిపక్వత లేదంటారు. మన చట్టాలే ఏమంటున్నాయో చూడండి. పధ్నాలుగు దాటితే ప్రమాదకరం కాని పనుల్లో కూలికి పెట్టుకోవచ్చు. పదహారు దాటినవాడు ఘోరమైన నేరం చేస్తే, 2015 బాలల న్యాయ చట్టం కింద పెద్దవాడిలా విచారించే వీలుంది. శిక్షకు సరిపోయే బుద్ధి కుళాయికీ వీధి దీపానికీ సరిపోదా? సాయంత్రం కాలేజీ బస్సు దిగి చీకట్లో ఇంటికి నడిచేది ఆ పిల్లలే. బడి మరుగుదొడ్డికి తలుపు లేకపోతే ఇబ్బంది పడేది వాళ్లే. గ్రామసభలో మాత్రం వాళ్లు సభ్యులు కారు, ఎందుకంటే గ్రామసభ అంటే ఓటరు జాబితాలో ఉన్నవాళ్లు.

ఒక్క అభ్యంతరం మాత్రం నన్ను నిజంగా ఆలోచింపజేస్తుంది. డబ్బు పంచేవాళ్లు ఇంటికి ఎన్ని ఓట్లో లెక్కగట్టి పెద్దాయన చేతిలో పెడతారు. పిల్లల ఓట్లు కలిస్తే ఆ కట్ట ఇంకాస్త లావవుతుంది, అంతే కదా అంటారు. ఆ భయం నిజమే. కానీ అదే పని కోడళ్ల ఓట్లతోనూ, ముసలివాళ్ల ఓట్లతోనూ జరుగుతోంది. అందుకని వాళ్ల ఓటు తీసేయమని ఎవరూ అనరు.

అసలు కష్టం జాబితా దగ్గర ఉంది. పంచాయతీ ఓటరు జాబితాను అసెంబ్లీ జాబితా నుంచే వార్డులవారీగా తీస్తారు. పదహారేళ్లవాళ్లకు విడిగా అనుబంధ జాబితా కావాలి. దానికి సగం ఏర్పాటు ఇప్పటికే ఉంది. 2022 నుంచి అర్హత తేదీలు నాలుగు: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు 1. పదిహేడు నిండితే చాలు, ముందుగానే ఫారం 6 (కొత్త ఓటరు దరఖాస్తు) ఇవ్వొచ్చు, పద్దెనిమిది నిండాక వచ్చే అర్హత తేదీకి పేరు ఎక్కుతుంది. వయసుకు పదో తరగతి మెమో చాలు. అదే ఫారం, అదే బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి), ఒక్క ఏడాది ముందుకు జరిపితే సరిపోతుంది.

మన దగ్గర ఇంటర్ పిల్లల్లో చాలామంది హాస్టళ్లలో ఉంటారు. ఆస్ట్రియా లెక్క మనకు ఇక్కడే కాస్త దెబ్బతింటుంది. విద్యార్థులకు పోస్టల్ బ్యాలెట్ లేదు. కాబట్టి పోలింగు రోజుకు అటూ ఇటూ సెలవు ఇచ్చి ఇంటికి పంపేలా కాలేజీలకు ఉత్తర్వు లేకపోతే, వయసు తగ్గించినా ఆ ఓటు కాగితం మీదే ఉంటుంది.

చట్టం మారేదాకా ఆగకుండా, ఇంట్లో పదిహేడు నిండినవాళ్లుంటే ఇప్పుడే ఫారం 6 పెట్టించండి. ఏడాదికి తగ్గని కోర్సు చదువుతూ హాస్టల్లో ఉన్నవాళ్లు ప్రిన్సిపాల్ ఇచ్చే బోనఫైడ్‌తో అక్కడే నమోదు కావొచ్చు, లేదంటే సొంతూరిలో. రెండు చోట్లా పెడితే మాత్రం నేరం. ఆధార్‌లో ఒక పుట్టినతేదీ, మెమోలో ఇంకొకటి ఉంటే ముందు ఆధార్ సరిచేయించండి. ఇంటిపేరు మెమోలో ఎలా ఉంటే ఫారంలోనూ అలాగే రాయండి. ఆన్‌లైన్లో ఇంగ్లిష్‌లో పేరు కొట్టగానే తెలుగు దానంతట అదే పడుతుంది, 'శిరీష' కాస్తా 'సిరిషా' అయి కూర్చుంటుంది. ఆ గడిలోకి వెళ్లి చేత్తో దిద్దాలి. ఇంట్లో ఇప్పటికే ఓటున్న ఒకరి కార్డు నంబరు తప్పకుండా రాయండి, లేకపోతే అమ్మానాన్నలది ఒక బూత్, పిల్లది ఇంకో బూత్ అయ్యే ప్రమాదం ఉంది. బీఎల్‌ఓ విచారణకు వచ్చినప్పుడు పిల్లలు హాస్టల్లో ఉంటారు కాబట్టి మెమో జిరాక్స్ ఇంట్లో అందుబాటులో ఉంచండి. దరఖాస్తు నంబరు రాసిపెట్టుకోండి. ఏ కారణంతోనైనా తిరస్కరిస్తే పదిహేను రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు, ఆ నంబరు అక్కడ అడుగుతారు.