తోసుకుంటూ శ్రీశైలం

పాతకాలపు స్పోర్ట్స్ కార్లలో గుంపుగా కొండలెక్కే పెద్దమనుషుల గురించి మన ప్రాంతంలో కొన్ని అపోహలు ప్రచారంలో ఉన్నాయి. డబ్బు ఖర్చు చేయడానికి దారిలేక తిరుగుతున్నారని డిండి బస్టాండులో ఒకాయన, కొత్త కారు కొనే స్తోమత లేక పాతవాటితో నెట్టుకొస్తున్నారు పాపమని మన్ననూరు టీ కొట్టులో ఇంకొకాయన అన్నారు. రెండూ తప్పే. పోయిన కార్తీకంలో అలాంటి కార్లు పద్నాలుగు హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్తుండగా కళ్లారా చూసినవాడిని, అందులో ఒకదాన్ని చేతులారా తోసినవాడిని. కాబట్టి వారి తరఫున నాలుగు మాటలు చెప్పే అర్హత నాకుంది.

ముందు చట్టం సంగతి. 2021లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, 50 ఏళ్లు దాటిన సొంత వాహనానికి వింటేజ్ హోదా ఇచ్చింది. 20 వేల రూపాయలు కడితే నంబరు పలక మీద వీఏ అనే అక్షరాలు వస్తాయి, పదేళ్లు చెల్లుతాయి. దానితోపాటు ఒక షరతు కూడా ఉంది. ఆ బండిని రోజువారీ పనులకు వాడకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. మరమ్మతుకు వెళ్లడాన్ని ఒక ప్రయాణంగా గుర్తించి చట్టంలో రాసినవారికి పాత కార్ల గురించి లోతైన అవగాహన ఉందని ఒప్పుకోవాలి.

ఇదే దేశంలో 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ చెల్లదు, అవి తుక్కుకు పోవాల్సిందే. అంటే 15 ఏళ్లకు తుక్కు, 50 ఏళ్లకు వారసత్వ సంపద. మధ్యలో ఉన్న 35 ఏళ్లు ఏ గడ్డివాము వెనుక దాక్కోవాలో బండే చూసుకోవాలి. తెలంగాణలో మనిషికి వృద్ధాప్య పింఛను రావాలంటే 57 నిండాలి. ఆ లెక్కన వృద్ధాప్యపు మర్యాద కారుకు ఏడేళ్లు ముందే దక్కుతోంది. దీని మీద మా ఊరి ముసలివారెవరూ ఇంతవరకు ధర్నా చేయలేదు.

పాత కార్ల మీద భక్తి మా జిల్లాకు కొత్తదేమీ కాదు. 1890లో పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరు వచ్చింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీదుగానే. ఆయన 1911లో ఒక రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డరు ఇచ్చారు. వెనుక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉండాలన్నారు. అది వచ్చేలోపు అదే ఏడాది కన్నుమూశారు. దారిలో ఆగిపోని ఏకైక పాత కారు యాత్ర అదేనని నా అభిప్రాయం.

ఇక దారి సంగతి. స్పోర్ట్స్ కారు నేలను అంటిపెట్టుకుని ఎందుకుంటుందంటే మలుపులో ఒరిగిపోకుండా ఉండటానికి. ఆల్ప్స్ పర్వతాల్లో 2,757 మీటర్ల ఎత్తున స్టెల్వియో కనుమ ఉంది. ఒకవైపు ఎక్కుడులో 48 వంకీ మలుపులు. ఈ జాతి కార్లకు అది కాశీ. మనకు అంత ఎత్తు కొండలు లేవని కొందరు చిన్నబుచ్చుకుంటారు. అనవసరం. మన దగ్గర పర్వత ప్రాంతం నల్లమలకు చాలా ముందే, ఆమనగల్లు దాటకుండానే మొదలవుతుంది. వాటినే స్పీడ్ బ్రేకర్లు అంటారు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకరు పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో తాబేలు వీపులా ఉండాలి. మన ఊళ్ల లెక్క వేరు. ప్రమాదం జరిగిన మర్నాడు, ఇంటి స్లాబుకు పోయగా మిగిలిన కాంక్రీటుతో, కోపంతో కట్టేది స్పీడ్ బ్రేకరు. అది తాబేలులా ఉండదు, గట్టులా ఉంటుంది. అడుగుభాగం నేలకు జానెడు ఎత్తున కూడా లేని కారు దాని ముందుకు వచ్చి ఆగుతుంది. పక్క సీటు ఆసామి దిగుతాడు. నేల మీద చెంప ఆనించి కారు కిందికి చూస్తాడు. చేయి ఊపుతాడు. కారు ఐమూలగా ఎక్కుతుంది, సైలెన్సరు గీరుకుంటుంది, యజమాని కళ్లు మూసుకుంటాడు. పద్నాలుగు కార్లూ ఒక గట్టు దాటేసరికి మా ఊరి గేదెలు చెరువుకు వెళ్లి తిరిగొచ్చాయి.

ఆ తరువాత వడ్లు. డిండి ప్రాజెక్టు కింద కోతలు మొదలైతే సగం రోడ్డు కళ్లమే. ఆరబోసిన వడ్లకు అంచున రాళ్లు పేర్చి ఉంటాయి. ఆ రాళ్లలో ఒక్కటి తగిలినా వారి ఇంజను కింద నూనె తొట్టి పగులుతుంది. కారుకు, వడ్లకు ఇంకో బంధుత్వం కూడా ఉంది. బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. చెరకు నుంచి, మొక్కజొన్నల నుంచి, నూకల నుంచి దాన్ని తీస్తారు. ఆనాటి రబ్బరు గొట్టాలకు అది గిట్టదు. మెత్తబడతాయి, పగులుతాయి, కారుతాయి. పుట్టినప్పటి నుంచి శుద్ధమైన పెట్రోలు తాగి బతికిన ఇంగ్లీషు ప్రాణి. అరవై ఏళ్లు వచ్చాక ఒక్కసారిగా నూకల జావ పోస్తే కడుపు నొప్పి రాక మానుతుందా!

నేను తోసిన కారు ఆగింది వటవర్లపల్లి దాటాక, అడవి మధ్యలో. ఆకుపచ్చ రంగు, రెండే సీట్లు, పైకప్పు లేదు. దాని వెనుక నేనెక్కిన శ్రీశైలం బస్సు, బస్సు వెనుక కార్తీక సోమవారానికి వెళ్లే భక్తజనం. కార్లవారి వెంట మెకానిక్కులతో, మంచినీళ్లతో, కారును ఎక్కించుకుపోయే ఏర్పాటుతో ఒక లారీ కూడా వస్తోంది. సాహసం ముందు వెళ్తుంటే భద్రత వెనుక రావడం ఆనవాయితీ. ఆ రోజు భద్రత మన్ననూరు గేటు దగ్గర క్యూలో ఇరుక్కుంది.

కారు ఆగినందుకు యజమాని ముఖంలో దిగులు వెతికాను. లేదు. పెళ్లికొడుకు కళ ఉంది. తోలు సంచీ విప్పాడు. తళతళలాడే పానాలు వరుసగా పరిచాడు. వాటిని వాడే ముందు ఫొటో తీశాడు, వాడకుండానే మళ్లీ సంచీలో పెట్టాడు. మా బస్సులో అచ్చంపేటలో ట్రాక్టర్లు బాగుచేసే ముసలి మేస్త్రీ ఉన్నాడు. దిగి, ఇంజను వాసన చూసి, పెట్రోలు గొట్టంలోనే ఆవిరైందన్నాడు. ఘాటులో మెల్లగా వెళ్లే కారుకు గాలి తగలదు. ఇంజను వేడికి గొట్టంలో పెట్రోలు మరిగి బుడగ కడుతుంది. పంపు పెట్రోలును లాగగలదు గాని ఆవిరిని లాగలేదు. దానికి వైద్యం కూడా పాతదే. మేస్త్రీ తన భుజం మీది తువాలు తీసి, నీళ్లలో ముంచి, పంపుకు చుట్టాడు, జ్వరం వచ్చిన పిల్లవాడి నుదుటికి చుట్టినట్టు.

ఆ పావుగంటలో ఒక కోతి వచ్చింది. ఇన్నేళ్లుగా అద్దాలు బిగించుకుని పోయే జనాన్నే చూసిన నల్లమల కోతికి, తలుపు తీసే శ్రమ కూడా లేకుండా కారు ఏర్పాటు చేసిన మర్యాదస్థుడు ఇప్పటికి దొరికాడు. దర్జాగా పక్క సీట్లో కూర్చుంది. మూడు అరటిపళ్లు, ఒక జత చలువ కళ్లద్దాలు స్వీకరించింది. ముందున్న ఊళ్లు దోమలపెంట, ఈగలపెంట అని యజమానికి ఎవరో చెప్పారు. ఈ అడవిలో పెంట అంటే చెంచుల పల్లె. కానీ పైకప్పు లేని కారులో పొద్దుగూకాక వెళ్లేవాడికి పేరులోని మొదటి సగమే ముఖ్యం.

పులుల అడవి కనుక రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఈ దారిలో బండ్లను వదలరు. లోపల చిక్కుకోకుండా పొద్దుండగానే బయటపడాలని కండక్టరు తొందరపెట్టాడు. ముప్ఫైమంది దిగి తోశాం. ఆకుపచ్చ కారు దగ్గింది, రాజుకుంది, కదిలింది. ఫీజు వద్దన్న మేస్త్రీ, కోతి ఖాళీ చేసిన సీట్లో దోమలపెంట దాకా వెళ్తానన్నాడు, వెళ్లాడు.

తోస్తున్నంతసేపు నాకు ఒకటే గుర్తుకొచ్చింది, జీపులాంటి ట్రెక్కరు బండి. 1980ల్లో మా పల్లెలకు అదే రథం. పక్కన తలుపులు లేవు, జుట్టంతా గాలి. డ్రైవరుకు సీటులో సగమే భాగం, మిగతా సగం మనిషి రోడ్డు మీదే. గేరు మార్చాలంటే ముందు కూర్చున్న పెద్దాయన మోకాలు అనుమతి ఇవ్వాలి. పది మైళ్లకు ఒకసారి దిగి తోయాలి. క్లాసిక్ స్పోర్ట్స్ కారుకు ఉండవలసిన లక్షణాల్లో దానికి ఏది తక్కువ? వీఏ పలక ఒక్కటే.

గుంపు యాత్ర అనే మాటకొస్తే పాలమూరు వలస కూలీలకు ఉన్న అనుభవం ఏ కార్ల క్లబ్బుకూ లేదు. లారీ మీద బియ్యం మూటలు, గిన్నెలు, గడ్డపారలు, వాటి మీద పిల్లలు. పూణే దాటి, ఖండాలా ఘాటు దిగి, ముంబై. పశ్చిమ కనుమల్లో సూర్యోదయం పైకప్పు లేని బండి నుంచి చూసినవారు మా దగ్గర ఇంటికొకరు ఉండేవారు. బయలుదేరేటప్పుడు జెండా ఊపడానికి ఎవరూ రాలేదు గాని, అడ్వాన్సు లెక్క రాసుకోవడానికి గుంపు మేస్త్రీ వచ్చేవాడు. దారిలో లారీ ఆగిపోతే ఫొటో ఎవరూ తీయలేదు. ఎన్ని రోజుల కూలి పోతుందో లెక్క వేసుకునేవారు. అదే ఆగిపోవడం, అదే తోయడం, అదే చెట్టు కింద కూర్చోవడం. ఈ కార్లవారు దానికి ముందుగా రుసుము కట్టి, టీషర్టు తీసుకుని వచ్చారు. అన్యాయమని నేను అనను. మాకు ఉచితంగా దొరికినదాన్ని డబ్బు పెట్టి కొనుక్కునేవారిని చూస్తే, కాస్త బేరమాడి ఉండాల్సిందని అనిపిస్తుంది అంతే.

రెండు రోజుల తరువాత కార్లు తిరిగి వెళ్లాయి. పన్నెండు సొంత చక్రాల మీద, రెండు లారీ మీద. ఆ మధ్యాహ్నం నేను డిండి కింద మా చిన్నమ్మ వడ్ల దగ్గర కాపలా ఉన్నాను. బస్సులు, లారీలు వడ్ల మీది నుంచే పోయి సగం నూక చేస్తున్నాయి. వీరు మాత్రం రాళ్లకు భయపడి, అంచు వెంట నడక వేగంతో, ఒక్క గింజ నలగకుండా వెళ్లారు. పైగా నేలబారున ఉన్న ఆ సైలెన్సరు గొట్టాలు బుసబుసమని ఊదుతుంటే, అంచున పడిన తాలు తూర్పారబట్టినట్టు ఎగిరిపోయింది. చిన్నమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చివరి కారు దాకా లెక్కపెట్టింది.

"వీళ్లు యాసంగి కోతలకు కూడా వస్తారేమో కనుక్కోరా" అంది.