కీళ్ల నొప్పులున్నవారు నడవకూడదన్న సందేశానికి ఖండన

“కీళ్ల నొప్పులున్నవారు నడక మానండి, ఉన్న గుజ్జు కాపాడుకోండి” అనే సందేశం శ్రీకాకుళంలో నాకు తెలిసిన ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ తిరుగుతోంది. చదువుకున్నవారు, ఉద్యోగ విరమణ చేసినవారు కూడా మేలు చేస్తున్నామనుకుని దీన్ని పంపుతున్నారు. నడిస్తే బండి టైరులా మోకాలి గుజ్జు అరుగుతుందని, పొలం పని చేసేవారికి వేరే నడక అక్కర్లేదని, నొప్పి వస్తే ఒక బిళ్ల వేసుకుని పడుకోవాలని, గుంపుగా నడిపించే కార్యక్రమాలు ఉత్త కాలక్షేపమని, బెండకాయ నానబెట్టిన నీళ్లు తాగితే గుజ్జు మళ్లీ పుడుతుందని అందులో ఉంది. ఆర్ట్స్ కళాశాల మైదానానికి నడకకు వచ్చే పెద్ద వయసు ఆడవాళ్లలో కొందరు ఇది చదివి రావడం మానేశారు. అందుకే సమాధానం రాస్తున్నాను.

బెండకాయ నీళ్లతో గుజ్జు పుట్టదు. దీని గురించి ఇంతకంటే రాయనవసరం లేదు.

టైరు పోలిక వినడానికి నమ్మకంగా ఉంటుంది కాని, టైరుకు ప్రాణం లేదు, గుజ్జుకు ఉంది. గుజ్జులో రక్తనాళాలు ఉండవు కనుక దానికి పోషణ కీలులోని ద్రవం నుంచే అందాలి. అడుగు మోపినప్పుడు ఒత్తిడి పడి, ఎత్తినప్పుడు అది సడలడం వల్లనే ఆ ద్రవం గుజ్జులోకి ఇంకుతుంది. నడక మానేసినవారికి తొడ కండరం బలహీనపడి, అది పంచుకోవలసిన భారం కూడా మోకాలి మీదే పడుతుంది. అమెరికాలో 60 ఏళ్లు దాటి మోకాళ్ల నొప్పులున్న 439 మందిని 18 నెలల పాటు పరిశీలించిన అధ్యయనం 1997లోనే వెలువడింది. ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవారికంటే నడిచినవారికి నొప్పీ ఇబ్బందీ తగ్గాయి; ఎక్స్‌రేలలో చూస్తే నడిచినవారి కీళ్లు అదనంగా పాడైన ఆనవాళ్లు లేవు. ఆ తగ్గుదల కొద్దిపాటిదేనని కూడా చెప్పాలి. నడక అరిగిన గుజ్జును తిరిగి తేదు, తెస్తుందని ఎవరైనా చెబితే అదీ అబద్ధమే.

పొలం పని చేసేవారికి నడక అక్కర్లేదన్నది పని తెలియనివారి మాట. వంగి నాట్లు వేసే మనిషికీ, పలాసలో గంటల తరబడి కూర్చుని జీడి పిక్కలు ఒలిచే మనిషికీ మోకాళ్లు ముడుచుకునే ఉంటాయి. నిటారుగా, సమానమైన అడుగులతో, తన శక్తికి తగిన వేగంతో సాగే నడకకూ ఆ శ్రమకూ పోలిక లేదు.

ఇక “బిళ్ల వేసుకుని పడుకోండి” అన్న సలహా. మిగిలినవన్నీ అజ్ఞానం అనుకుని వదిలేయవచ్చు కాని దీన్ని వదలలేను. ఇది రాసినవారికి, కిడ్నీ జబ్బు ఎందరినో పీడిస్తున్న మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతం గురించి తెలియకపోవచ్చు. ఆ ప్రాంతంలోని కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో బంధువులుండి కూడా దీన్ని ముందుకు పంపినవారికి ఏమైంది? అక్కడి కిడ్నీ జబ్బుకు నొప్పి మాత్రలే కారణమని నేను అనడం లేదు. దాని కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. అయితే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కిడ్నీలకు రక్తాన్ని సరిగా అందించే సహజ రసాయనాల తయారీని అడ్డుకుంటాయన్నది తేలిన విషయం. ఎండలో చెమటోడ్చి, తగినన్ని నీళ్లు తాగని మనిషి వీటిని రోజూ మింగితే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. కిడ్నీ జబ్బు తొలి దశలో లక్షణాలు కనబడవు కనుక, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోని మనిషికి తన కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలిసే దారే లేదు. అటువంటి మనిషికి, మందుల షాపులో చీటీ లేకుండా దొరికే బిళ్లను రోజూ వేసుకోమని ఫోనులో సలహా పంపుతున్నారు! ఆ బిళ్లతో కూడా తగ్గకపోతే తరువాతి మెట్టు స్టెరాయిడ్ సూది మందో, పేరు లేని పొడి పొట్లమో అవుతుంది. చక్కెర పెరిగి, ఎముకలు గుల్లబారిన తరువాత గాని అందులో స్టెరాయిడ్ ఉందన్న సంగతి ఇంట్లోవాళ్లకు తెలియదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. ఇంకా ఎంతమందిని అక్కడికి పంపితే ఈ సందేశం తిరగడం ఆగుతుంది?

నొప్పి ఉన్నప్పుడు విశ్రాంతే వద్దని నేను అనను. కీలు ఎర్రబడి, వేడిగా వాచినప్పుడు, జ్వరం కూడా ఉన్నప్పుడు నడక ఆపి వైద్యుణ్ణి కలవాలి. ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్లను దెబ్బతీసే రుమటాయిడ్ కీళ్లవాతానికి దాని మందులు వాడవలసిందే, నడక వాటికి బదులు కాదు. మామూలు మోకాళ్ల నొప్పికి మాత్ర కంటే ముందు పైపూత మందు వాడవచ్చేమో వైద్యుణ్ణి అడగండి.

గుంపు నడక విషయంలో సందేశం రాసినవారికి ఒక మాట ఒప్పుకోవాలి. అమెరికాలోని ఆర్థరైటిస్ ఫౌండేషన్ వారు వారానికి మూడు సార్లు చొప్పున ఆరు వారాల నడక కార్యక్రమం ఒకటి రూపొందించారు. దానిమీద 2011లో వెలువడిన అధ్యయనంలో గుంపుగా నడిచినవారితో పాటు పుస్తకం చూసుకుని ఒంటరిగా నడిచినవారికి కూడా మేలు కనిపించింది. కాబట్టి గుంపు లేకపోతే నడకే దండగ అని గుంపు నడకను సమర్థించే మాలాంటివారు చెబితే అది సరికాదు. అయినా, కుక్కలకు భయపడి, చీకటికి జంకి, “ఈ వయసులో ఎక్కడికి బయలుదేరావు?” అన్న ప్రశ్నకు ముడుచుకుని ఇంట్లోనే ఉండిపోయే అరవై ఏళ్ల మనిషిని గడప దాటించేది తోటి ఆడవాళ్లే. విజయనగరంలో అయోధ్య మైదానం ఉన్నట్టు ప్రతి ఊరికీ పెద్ద మైదానం ఉండదు. బడి వదిలిన తరువాత బడి ఆవరణ చాలు. ఆశా కార్యకర్త వారానికి ఒక్క సాయంత్రం అక్కడికి వచ్చి, ఎవరు ఏ మాత్ర వాడుతున్నారో అడిగి, క్రియాటినిన్ పరీక్షకు పంపగలిగితే మరీ మంచిది.

మొదలుపెట్టేవారు పది నిమిషాలతో మొదలుపెట్టండి. నడిచిన రెండు గంటల తరువాత కూడా నొప్పి నడకకు ముందున్న దానికంటే ఎక్కువగా ఉంటే మరుసటిసారి దూరం తగ్గించండి, మానకండి. చేతికర్ర వాడేవారు నొప్పి ఉన్న కాలికి ఎదుటివైపు చేతిలో పట్టుకోండి.