మోకాలి మార్పిడి: “పాతికేళ్ల కాలు” మాటలో నిజమెంత?

“మోకాలి మార్పిడి సరిగ్గా చేస్తే మూడు నెలల్లో పాతికేళ్ల నాటి కాలు తిరిగొస్తుంది. ఆ తర్వాత కూడా బాగోలేదంటే తప్పు డాక్టరుదన్నా అయ్యుండాలి, ఎక్సర్‌సైజులు ఎగ్గొట్టిన పేషెంటుదన్నా అయ్యుండాలి. అందుకే ఏ ఆశా పెట్టుకోకుండా వెళ్లండి.” వాట్సాప్‌లో ఇది నాకే నాలుగుసార్లు వచ్చింది. ఫిజియోథెరపీ చేయించేవాణ్ణి కాబట్టి ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు ఆ పాతికేళ్ల కాలు సంగతి. అరిగిన ఎముక చివర్లను కాస్త చెక్కి లోహపు తొడుగులు వేస్తారు, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పెడతారు. (చిప్పల మార్పిడి అంటాం గానీ, చిప్ప మాత్రం చాలావరకు మనదే ఉంటుంది.) ఇది ప్రధానంగా నొప్పి తగ్గించే ఆపరేషన్. తర్వాత కాలు మామూలుగా 110, 120 డిగ్రీల దాకా వంగుతుంది. మెట్లెక్కడానికి అది చాలు, గొంతుకు కూర్చోవడానికి చాలదు. మోకాళ్ల మీద ఆనుకుని కూర్చోవడం కూడా చాలామందికి ఇబ్బందే.

మూడు నెలలకి ఎక్కువమంది కర్ర లేకుండా నడుస్తారు, నిజమే. వాపు, వేడి మాత్రం ఇంకొన్ని నెలలు ఉండొచ్చు. ఏడాది దాకా మెరుగవుతూనే ఉంటుంది.

ఇక తప్పెవరిది? కెనడాలోని ఒంటారియోలో 1,703 మందిని ఆపరేషన్ అయిన ఏడాదికి అడిగితే, దాదాపు 19 శాతం మంది తృప్తిగా లేమన్నారు. ఇంతమందికీ ఆపరేషన్ చెడిందనో, ఇంతమందీ బద్ధకస్తులనో అనలేం. 2010లో అచ్చయిన ఆ అధ్యయనంలో అసంతృప్తికి అన్నిటికన్నా బలంగా ముడిపడి కనిపించింది అనుకున్నది జరగకపోవడం. అలాంటివాళ్లలో అసంతృప్తి అవకాశం పది రెట్లకు పైనే. ఆశ నెరవేరిందా అన్నదీ తర్వాత అడిగినదే కాబట్టి, ఈ రెండూ కొంతవరకు ఒకే మాట కావచ్చు. అయినా కొట్టిపారేసే సంగతి కాదు.

ఒకావిడ గుర్తొస్తారు. ఎక్స్‌రే చక్కగా ఉంది, కాలు 115 డిగ్రీలు వంగుతోంది. ఆవిడ మాత్రం కుట్ల పక్కన, మోకాలి బయటివైపు వేలితో రాస్తూ, “ఇక్కడ మొద్దుబారిపోయిందండీ, నరం తెగిందా?” అన్నారు. కోత పెట్టినప్పుడు చర్మానికి వెళ్లే సన్నని నరం కొమ్మలు తెగడం మామూలే. ఆ మొద్దుతనం నెమ్మదిగా తగ్గుతుంది, కొందరికి కొంచెం మిగులుతుంది. నడకలో వినిపించే టక్ టక్ కూడా చాలావరకు లోహం ప్లాస్టిక్‌కి తగిలే చప్పుడే. ముందే ఎవరైనా చెప్పుంటే ఆవిడ అన్నాళ్లు టెన్షన్ పడేవారు కాదు.

అలాగని ప్రతి ఫిర్యాదునీ “మీరు ఎక్కువ ఆశపడ్డారు” అని తోసేయకూడదు. నొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, గాయం కారుతున్నా, పిక్క వాచినా, కాలు పట్టు తప్పుతున్నా వెంటనే చూపించుకోవాలి.

ఆశే వద్దన్నది అన్నిటికన్నా చెడ్డ సలహా. ఏ ఆశా లేనివాళ్లు నొప్పి ఓర్చుకుని కాలు ఎందుకు వంచుతారు? ఎక్కువ ఆశతో వెళ్లినవాళ్లే బాగా కోలుకున్నట్టు చూపిన పరిశోధనలూ ఉన్నాయి. ఆపరేషన్‌కి ముందు నా దగ్గరకొచ్చేవాళ్లని, ఏ మూడు పనులు మళ్లీ చేయాలనుందో చెప్పమంటాను. మెట్లు దిగడం, రాత్రి నిద్ర, ఓ అరగంట నడక అంటే ధైర్యంగా ఊ కొడతాను. మళ్లీ ఫుట్‌బాల్ ఆడాలంటే, సర్జన్‌తో ఇంకోసారి మాట్లాడి రమ్మంటాను.