ఎవరి కాంటనీస్‌తో కొలుస్తున్నాం?

హాంకాంగ్‌లోనూ దక్షిణ చైనాలోనూ మాట్లాడే కాంటనీస్‌లో ‘నువ్వు’ అనే అర్థానికి ‘నెయ్’ అంటారు. హాంకాంగ్ యువతలో ఎక్కువమంది నోట అది ఇప్పుడు ‘లెయ్’. ‘నేను’ అనడానికి ‘ఙో’ అంటారు. క ఖ గ ఘ ఙ అని వల్లించిన ప్రతి తెలుగువారికీ ఆ అక్షరం తెలుసు, కానీ దానితో మొదలయ్యే మాట మనకు లేదు. కాంటనీస్‌లో అలాంటి మాటలు చాలానే ఉన్నాయి. అక్కడ కూడా ‘ఙో’ తన హల్లును పోగొట్టుకుని ‘ఓ’గా మిగులుతోంది. మాట చివరి ‘ఙ్’ కూడా కొందరిలో ‘న్’ అవుతుంది. హాంగ్ సెంగ్ బ్యాంకు పేరును స్థానికంగా ‘హఙ్ సఙ్’ అంటారు. ఆ చివరి శబ్దాలు జారితే ‘హన్ సన్’ అవుతుంది, అంటే ‘ఒళ్ళు దురద’. హాంకాంగ్‌లో ఈ ఉదాహరణ తెలియనివారు తక్కువ. ఇలాంటి ఉచ్చారణలన్నింటికీ అక్కడ ఒకే పేరు పెట్టారు: లాన్ యమ్, అంటే సోమరి శబ్దాలు.

ఇదే ‘లెయ్’ కెనడాలోని టొరంటోలోనో వాంకూవర్‌లోనో పుట్టిన పిల్లవాడి నోట వినిపిస్తే తీర్పు మారిపోతుంది. ఇంగ్లీషు వాసన సోకి వాడి భాష పాడైందంటారు. ఈ నింద అన్యాయమని ఒక్క నిమిషం ఆలోచిస్తే తెలుస్తుంది. ఇంగ్లీషులో ‘న’ ఉంది, ‘ల’ కూడా ఉంది. ఇంగ్లీషు మాట్లాడే పిల్లవాడికి ‘నెయ్’ అనడానికి నాలుక ఎక్కడా అడ్డుపడదు. వాడు ‘లెయ్’ అంటున్నాడంటే తల్లి అలా అన్నది కాబట్టి. 1984లో హాంకాంగ్ భవిష్యత్తుపై చైనా, బ్రిటన్ ఒప్పందం చేసుకున్న తర్వాత, 1997లో ఆ నగరం చైనా పాలనలోకి వెళ్ళేలోగా, వేల కుటుంబాలు కెనడాకు తరలి వెళ్ళాయి. ఆనాటి హాంకాంగ్ యువత ఎలా మాట్లాడేదో ఆ ఇళ్ళలోని పిల్లలు అలాగే నేర్చుకున్నారు. వాళ్ళు పోగొట్టుకున్నారని మనం అనుకుంటున్నది నిజానికి వాళ్ళ చేతికి అందనే లేదు.

పదం మొదటి ‘ఙ’ సంగతి కొంచెం చిక్కైనది. ఇంగ్లీషులోనూ అది పదం మొదట్లో రాదు. హాంకాంగ్ మార్పు, ఇంగ్లీషు ప్రభావం రెండూ ఒకే దిక్కుకు తోస్తాయి. ఏది ఎంత అని విడదీయాలంటే ఆ ఇంటి పెద్దల మాటను కూడా వినాలి. టొరంటో విశ్వవిద్యాలయంలో నయోమీ నాగీ నాయకత్వంలో సాగుతున్న వారసత్వ భాషల (వలస కుటుంబాలు ఇంట్లో నిలుపుకునే భాషల) పరిశోధనలో నాకు నచ్చేది ఈ పద్ధతే. వలస వచ్చిన తరాన్నీ, అక్కడ పుట్టిన తరాన్నీ, స్వస్థలంలో ఉండిపోయినవారినీ పక్కపక్కన పెట్టి వింటారు. పిల్లవాడిని నిఘంటువుతో కొలవరు.

నిఘంటువుతో కొలిచే ప్రయత్నం హాంకాంగ్‌లో జరగకపోలేదు. 1980ల నుంచి హో మన్-వుయ్ అనే ఆచార్యుడు ‘సరైన ఉచ్చారణ’ కోసం పెద్ద ఉద్యమమే నడిపారు. భాషపై ఆయనకున్న శ్రద్ధను శంకించనక్కర్లేదు. కానీ ఆయన ప్రమాణంగా తీసుకున్నది 1008 నాటి ‘గ్వాంగ్‌యున్’ అనే చైనా ప్రాస నిఘంటువు, అంటే మాటల ఉచ్చారణను ప్రాసల వారీగా చూపే గ్రంథం. వెయ్యేళ్ళ కిందటి గ్రంథం ముందు నిలబెడితే నేటి కాంటనీస్‌లో తప్పు కానిది ఎంత మిగులుతుంది? తప్పని తరిమిన భయంతో ‘ఙ’ ఎన్నడూ లేని మాటలకు కూడా దాన్ని తగిలించేవాళ్ళు తయారయ్యారు. ‘ఓయ్’ (ప్రేమ) అనే మాట కొందరి నోట ‘ఙోయ్’ అయింది.

పాత మార్పులకు సాక్ష్యం కావాలంటే హాంకాంగ్‌లోని ఊళ్ళ పేర్లు చదివితే చాలు. షా టిన్ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ‘ష’తో రాస్తారు, సాయ్ కుంగ్ అనే ఊరి పేరును ‘స’తో రాస్తారు. ఈ రోజు కాంటనీస్ మాట్లాడేవారు రెండింటినీ ఒకే ‘స’తో పలుకుతారు. చెంగ్ చౌ ద్వీపం, చ్యున్ వాన్ పట్టణం పేర్లు కూడా ఇంగ్లీషు రాతలో Ch, Ts అనే వేర్వేరు అక్షరాలతో మొదలవుతాయి, నోట మాత్రం ఒకే శబ్దం. ఈ తేడాలు ఒకప్పుడు నిజంగానే పలికేవారు. 1856లో శామ్యూల్ వెల్స్ విలియమ్స్ అచ్చువేసిన కాంటనీస్ నిఘంటువులో ఆ రెండు వరుసలూ విడివిడిగా కనిపిస్తాయి. ఇరవయ్యో శతాబ్దంలో అవి కలిసిపోయాయి. ఆ కలయికను ఈనాడు ఎవరూ సోమరితనం అనరు, ఎందుకంటే తప్పుపట్టే పెద్దలు కూడా అలాగే పలుకుతారు.

అయితే, పరదేశంలో కొత్తగా మారేది ఏమీ లేదనడం కూడా నిజం కాదు. ‘ఈ’ అంటూనే పెదవులను ‘ఊ’ అన్నట్టు గుండ్రంగా చుడితే వచ్చే ఒక అచ్చు కాంటనీస్‌లో ఉంది. పుస్తకం, చేప అనే మాటల్లో వినిపించేది అదే. ఇంగ్లీషులో ఆ అచ్చు లేదు. పైగా ఉత్తర అమెరికా ఇంగ్లీషులో ‘ఊ’ పలికేటప్పుడు నాలుక ముందుకు జరుగుతోంది. ఈ ఒత్తిడి వల్ల టొరంటోలో పుట్టిన కొందరి కాంటనీస్‌లో ఆ గుండ్రని అచ్చు, ‘ఊ’ దగ్గరవుతున్నాయి. ఇది హాంకాంగ్ నుంచి మోసుకొచ్చింది కాదు, ఆ నేలమీద పుట్టినదే.

స్వరస్థాయిల విషయం ఇంకా ముఖ్యం. ‘సి’ అనే ఒక్క అక్షరాన్ని ఆరు స్థాయిల్లో పలికితే కవిత, చరిత్ర, ప్రయత్నం, కాలం, బజారు, అవును అనే ఆరు అర్థాలు వస్తాయి. వీటిలో చరిత్ర, బజారు రెండూ కిందినుంచి పైకి లేచే స్వరాలే, ఒకటి ఎక్కువ ఎత్తుకు లేస్తుంది. ఈ జంట హాంకాంగ్‌లోనే కొందరిలో కలిసిపోతోంది. స్వరంతో అర్థం మారని ఇంగ్లీషు మధ్య రోజంతా గడిపే పిల్లలకు ఈ సన్నని తేడా నిలుపుకోవడం ఇంకా కష్టం.

మన సంగతి కూడా ఇలాగే ఉంది. అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లల నోట ‘పళ్ళు’ ‘పల్లు’ అయితే మనం బాధపడతాం. కానీ ‘శ, ష, స’ల మధ్య తేడా ఇక్కడే ఎంతమంది పలుకుతున్నారు? ‘ఱ’ను ‘ర’లో కలిపేసుకున్నది కూడా మన పెద్దలే.

వెక్కిరింపు వల్ల జరిగే నష్టం శబ్దం మారడం వల్ల జరిగే నష్టం కంటే చాలా పెద్దది. అమ్మమ్మ ముందు నోరు తెరిచిన ప్రతిసారీ బంధువులు నవ్వితే పదేళ్ళ పిల్ల ఇంగ్లీషులోకి జారుకుంటుంది. ఆ తర్వాత ఆమె ఉచ్చారణ గురించి మాట్లాడుకోవడానికి భాషే మిగలదు. 2021 జనాభా లెక్కల్లో కెనడాలో కాంటనీస్ తమ మాతృభాష అని సుమారు 5.5 లక్షల మంది రాశారు. వారి మనవలు ఎంతమంది ఆ మాట రాస్తారన్నది ఇలాంటి భోజనాల బల్లల దగ్గరే తేలుతుంది.

కాంటనీస్ నేర్పే శనివారపు బడులకు వారంలో దొరికేది కొద్ది గంటలే. వాటిలో ‘లెయ్’ను ‘నెయ్’గా దిద్దడానికి నేనైతే ఒక్క నిమిషం కూడా కేటాయించను. ఎలా అన్నా వినేవారికి అర్థం ‘నువ్వు’ అనే. ఆ సమయమంతా స్వరస్థాయిలకు ఇస్తాను. అమ్మమ్మతో చరిత్ర గురించి అడగబోయిన పిల్లకు బజారు గురించి జవాబు వస్తే, మాట తెగిపోయేది అక్కడే.