నాట్లకు పోయిన ఆదివారం

ఆదివారం నాటుకు పోయిన కూలీలను ప్రభువు బల్లకు, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారానికి, దూరం పెట్టడం, పాత అనువాదం తప్ప మరో తెలుగు బైబిలును వేదిక మీద తెరవనివ్వకపోవడం, ఈ రెండూ తమ విశ్వాసానికి గీటురాళ్లని హనుమకొండ వైపు పల్లెల్లోని ఒక సంప్రదాయ సంఘం చెప్పుకుంటోంది. వీటిలో మొదటి నియమం నిలబడిందే అనువాదకుల స్వేచ్ఛ మీద అన్న సంగతి ఆ పెద్దలు మరిచారు.

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం ఏడో వచనం చూడండి. శిష్యులు రొట్టె విరవడానికి ‘ఆదివారమున’ కూడారని పాత తెలుగు బైబిలులో ఉంటుంది. గ్రీకు మూలంలో ఉన్నది వారంలో మొదటి రోజు అన్న అర్థమిచ్చే మాట మాత్రమే. మన అనువాదకులు దానికి పంచాంగం ఎరిగిన తెలుగువాడికి తెలిసిన, సూర్యుడి పేరున్న వారాన్ని పెట్టారు. పది ఆజ్ఞల్లోనూ అంతే. ఇంగ్లిషువాళ్లు హీబ్రూ మాటనే కాస్త మార్చి ‘సబ్బాత్’ అని దించుకుంటే, మనవాళ్లు దాని అర్థాన్ని విప్పి ‘విశ్రాంతిదినము’ అన్నారు. ఎంత చక్కటి పని! అయితే ఆనాటి వారికి చెల్లిన స్వేచ్ఛ ఈనాటి వారికి ఎందుకు చెల్లదు?

ఈ పట్టుదలకు పెద్ద నమూనా స్కాట్లాండులో ఉంది. 1893లో ఏర్పడిన అక్కడి ఫ్రీ ప్రెస్బిటేరియన్ సంఘం ఆదివార నియమాన్నీ, 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదాన్నీ విడవకుండా పట్టుకుంది. ఆ అనువాదకులే తమ ముందుమాటలో, మంచి అనువాదాన్ని మరింత మెరుగుపరచడమే తమ ఉద్దేశమని రాసుకున్నారు. ఆ సంఘం ప్రమాణంగా భావించే 1646 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రకటన సైతం లేఖనాలు ఏ జాతి చేతికి చేరితే ఆ జాతి వాడుక భాషలోకి రావాలంటుంది.

వానకాలంలో ఒక ఆదివారం ఆ పల్లె ఆరాధనలో వెనక చాప మీద కూర్చున్నాను. పక్కన ఒక ముసలమ్మ. వారమంతా బురదనీళ్లలో నాని ఆమె వేళ్ల సందులు తెల్లగా ఒరిసిపోయి ఉన్నాయి. పాస్టరు విశ్రాంతిదినపు ఆజ్ఞలోని ‘జ్ఞాపకముంచుకొనుము’ అన్న మాట చదివినప్పుడు, “అయ్యగారేమంటుండు?” అని మనుమరాలిని అడిగింది. “యాదిల పెట్టుకోమంటుండు అమ్మమ్మా” అంది ఆ పిల్ల. వేదిక మీద నిషేధించిన అనువాదం చాప మీద జరిగిపోయింది.

పాత మాటల్లో ఒక లయ ఉంది, తరాల కంఠస్థం ఉంది. 23వ కీర్తన నా నోటికీ ఆ పాత మాటల్లోనే వస్తుంది. ఒకసారి వదులుకున్న ఆదివారం తిరిగి రాదన్న పెద్దల భయమూ ఉత్తదేమీ కాదు. ఆ భయానికి కూలి మనిషి బలి కావడమే నా అభ్యంతరం.

ఎందుకంటే ఆజ్ఞ మాట్లాడుతున్నది యజమానితో. దాసుడు, దాసి, పశువులు సైతం విశ్రమించాలని ద్వితీయోపదేశకాండము ఐదో అధ్యాయం అతనికే చెబుతుంది. నారు ముదిరిపోతుంటే, కాలువ నీళ్ల వంతు వచ్చిపడితే, గుత్తకు ఒప్పుకున్న ముఠాలో ఒక మనిషి నేను రానంటే మర్నాడు ఆమె చోట్లో ఇంకొకరుంటారు. క్రీ.శ. 321లో రోము రాజ్యంలో ఆదివార విశ్రాంతిని శాసించిన కాన్‌స్టంటైన్ చక్రవర్తి కూడా పట్టణవాసులకూ చేతిపనివారికీ సెలవిచ్చి, అదను తప్పుతుందని సేద్యగాళ్లను మినహాయించాడు. మన దేశంలో బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు 1890లో నారాయణ్ మేఘాజీ లోఖండే పోరాటంతో దక్కింది. భూపాలపల్లి బొగ్గు గనుల్లో ఆదివారం డ్యూటీని ప్లేడే అంటారు, దానికి రెట్టింపు జీతం కడతారు. విశ్రాంతికి ఒక ధర ఉందని, అది పని చేయించుకునేవాడే చెల్లించాలని బొగ్గుబాయికి తెలిసినంత మన సంఘానికి తెలియదు.

ఆ రోజు బల్ల దగ్గర ముసలమ్మకు రొట్టె అందలేదు. అంతకుముందు ఆదివారం ఆమెను నాటుకు పిలిచిన ఆసామి మొదటి వరుసలో కూర్చుని తీసుకున్నాడు.