తీపి ఉల్లిపాయ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తీపి ఉల్లిపాయ గారి సముఖానికి,

తమరు కూరగాయల బుట్ట వదిలి పండ్ల పళ్ళెంలోకి మకాం మార్చారని తెలిసింది. సంతోషం. అయితే అక్కడ తమరిని కూర్చోబెట్టిన ఆ తీపి సంగతి కాస్త తేల్చుకోవాలి.

తమలో చక్కెర మెండని లోకం నమ్ముతోంది. నిజానికి కళ్ళు మండించే ఘాటు ఉల్లిలోనూ చక్కెర తమకు తీసిపోదు, ఒక్కోసారి ఎక్కువే. తమలో తక్కువైంది గంధకం. కత్తి పడగానే ఎంజైము గంధక సమ్మేళనాల మీద పనిచేసి కన్నీళ్ళు తెప్పించాలి. తమ దగ్గర ముడిసరుకే అంతంతమాత్రం. నోరు లేనివాణ్ణి సాధువన్నట్టుంది తమ కీర్తి!

ఆ కీర్తికి చట్టం కూడా తోడైంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రం విడాలియా అనే తమ తీపి ఉల్లి శాఖ కోసం 1986లో ఏకంగా శాసనమే చేసింది. నిర్ణయించిన హద్దులు దాటి పండితే ఆ పేరు పెట్టుకోకూడదు. 1990లో రాష్ట్ర అధికారిక కూరగాయ హోదా కూడా దక్కింది. అక్కడి నేలలో గంధకం తక్కువైనందుకు ఇంత మర్యాద ఇంకెవరికి జరిగింది?

పొయ్యి దగ్గర మాత్రం తమ బండారం బయటపడుతుంది. ఒంటినిండా నీరే కాబట్టి అది ఇగిరేదాకా వంటవాళ్ళు గరిటె పట్టుకుని కాపలా కాయాలి. తీరా ఎర్రగా వేగాక మిగిలేది ఒట్టి తీపి. ఘాటు ఉల్లిలోని గంధకం వేడికి మెత్తబడి ఇచ్చే ఆ చిక్కని రుచి తమకెక్కడిది?

పండ్ల దగ్గర మాత్రం తమకు దణ్ణం పెట్టాల్సిందే. పుచ్చకాయ ముక్కల్లో ఘాటు ఉల్లి వేస్తే పుచ్చకాయ ఊసే మిగలదు. తమరు కరకరలాడుతూ, కొసన కాస్త కారం చూపి తప్పుకుంటారు. నారింజతో, పీచ్‌తో, పచ్చిగా ఉన్న మామిడితో కూడా అంతే. కాకపోతే తీపికి తీపి తోడైతే చప్పదనమే. అందుకని నిమ్మరసం పిండుతాం, అలగకండి. ఉప్పు మాత్రం సరిగ్గా వడ్డించేటప్పుడే చల్లుతాం, లేదంటే పళ్ళెం చెరువవుతుంది.

మరొక విన్నపం. ఫ్రిజ్‌లో మూతపెట్టిన గిన్నెలోనే ఉండండి. తమరు కోసిన ఖర్బూజా పక్కన ఒక్క రాత్రి గడిపారు. మర్నాడు దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టలేదు.

ఇట్లు,
ఘాటు ఉల్లి తరఫున, కన్నీళ్ళతో
ఒక వంటమనిషి